పట్టాల పక్క గాడిలోకి మంచు తొయ్యకండి: మంచు రాష్ట్రాల్లో వ్యాపారాలు చేస్తున్న మన తెలుగువాళ్లకు ఒక రైల్వే కండక్టర్ బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

ఇల్లినాయ్, విస్కాన్సిన్, మిషిగన్, మిన్నెసోటా, ఒహాయో... ఇలా చలికాలమంతా మంచులో మునిగే రాష్ట్రాల్లో వేర్‌హౌస్‌లు, గ్యాస్ స్టేషన్లు, స్టోరేజీ యూనిట్లు, ట్రక్కు యార్డులు నడుపుతున్న మన అన్నలకీ అక్కలకీ రాస్తున్న ఉత్తరం ఇది. ముఖ్యంగా మీ పార్కింగ్ లాట్ పక్కనుంచో గేటు ముందునుంచో రైలు పట్టాలు పోతూ, వాటి మీద వారానికి ఒకటో రెండో సార్లు మాత్రమే బండి వచ్చేటట్టయితే, మీతోనే నా పని. రోజూ బండ్లు తిరిగే మెయిన్ లైన్ గురించి నాకంత దిగులు లేదు. వారం రోజులు చక్రం తిరగని మీ కాంపౌండ్ పక్క పట్టాల గురించే నా టెన్షన్ అంతా.

నేను మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న రైల్‌రోడ్‌లో కండక్టర్‌ని. కండక్టర్ అనగానే టికెట్లు కొట్టే ఉద్యోగం అనుకుంటారు మనవాళ్లు, గూడ్సు బండిలో టికెట్లేముంటాయి, మన దగ్గర గార్డు అంటామే, దాదాపు ఆ పని. కాకపోతే ఇక్కడ బండికి వెనక గార్డు పెట్టె ఉండదు, నేను కూడా ఇంజిన్లోనే కూర్చుంటాను, వ్యాగన్లు కలపడం, విడదీయడం, బండిని వేరే లైన్లోకి మళ్లించే పాయింట్లు మార్చడం, అనుమానం ఉన్న చోట దిగి ముందు దారి చూసి రావడం నా బాధ్యత. బండి నడిపేవాణ్ణి ఇక్కడ ఇంజినీర్ అంటారు. బండికి మేమిద్దరమే. మా నాన్న కాజీపేటలో లోకో పైలట్‌గా రిటైరయ్యారు, ఇంట్లో చిన్నప్పటి నుంచీ విన్నదంతా ఇంజిన్ల కబుర్లే, కానీ మంచు గురించి మాత్రం ఆయనకీ నాకూ నేనిక్కడికొచ్చాకే తెలిసింది.

"పట్టాల మీద మంచు పడితే చక్రం జారిపోదురా?" నేను ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం నాన్న ఫోన్లో అడిగిన మొదటి మాట ఇది. వానాకాలంలో తడి పట్టాల మీద చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగిపోతుంటే ఇసుక వదిలి బండిని లాక్కొచ్చిన మనిషి, ఆయన ఆలోచన అటే పోయింది. మీలో చాలామంది కూడా అదే అనుకుంటారు, కారు జారినట్టే ఇంజిను కూడా జారుతుందని. ఫ్రీజింగ్ రెయిన్ పడిన రోజు ఎత్తు ఎక్కేటప్పుడు జారే మాట నిజమే. అందుకే మా ఇంజిన్లకీ ఇసుక పెట్టెలుంటాయి, ఆ ఇసుక తేమ తగిలి పైపులో గడ్డకట్టకుండా చూసుకుంటే చాలావరకు బండి ముందుకు పోతుంది. పట్టా నెత్తిన ఉన్న పల్చటి మంచు పొరని చక్రం నలిపి పారేస్తుంది. మేం వాడే నాలుగు ఇరుసుల ఇంజినే దాదాపు 113 టన్నులు, ఎనిమిది చక్రాలు, అంటే ఒక్కో చక్రం మీద 14 టన్నులు, అంత బరువూ రూపాయి బిళ్లంత చోట ఆనుతుంది. దాని కింద మంచు ఏం నిలుస్తుంది?

అసలు ప్రమాదం పట్టా పక్కన ఉంది.

ఈసారి ఎప్పుడైనా రోడ్డు పట్టాలని దాటే చోట కారు నెమ్మదిగా పోనిస్తూ ఒకసారి కిందకి చూడండి. కార్లు కుదుపు లేకుండా దాటడానికి తారో, కాంక్రీటో, రబ్బరు పలకలో పట్టా ఎత్తుకి సమంగా వేసి ఉంటాయి. కానీ ఒక్కో పట్టాకి లోపలి వైపు సన్నటి గాడి ఒకటి వదిలి ఉంటుంది, సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు. రైలు చక్రానికి లోపలి పక్క ఒక అంచు ఉంటుంది కదా, ఫ్లాంజి అంటాం, అంగుళం పైచిలుకు కిందకి దిగి ఉంటుంది, చక్రం పట్టా మీద నుంచి పక్కకి పోబోతే చివరికి పట్టి ఆపేది అదే. ఆ అంచు నడవడానికే ఆ గాడి. ఎంత పెద్ద బండినైనా పట్టాల మీద నిలిపేది ఆ అంగుళం ఇనుమే, అది దూరడానికి చోటు లేకపోతే చక్రం పైకి లేవాల్సిందే, వేరే దారి లేదు.

నాకు ఆరేడేళ్ల వయసులో కాజీపేట దగ్గర మా ఇంటికి వెళ్లే దారిలో ఒక గేటు ఉండేది. అక్కడి గేట్‌మన్‌ని మేం తాతా అని పిలిచేవాళ్లం. బండ్లు లేని టైంలో గొంతుక్కూర్చుని ఒక వంకర ఇనప చువ్వతో పట్టా పక్క సందులో మట్టి, కంకర రాళ్లు, ఎడ్లబండి చక్రాలకి అంటుకొచ్చిన బురద గీకి గీకి తీస్తూ ఉండేవాడు. ఎందుకు తాతా అంటే "ఇందులో రాయి ఉంటే మీ నాయన బండి పడిపోద్ది బిడ్డా" అనేవాడు. నన్ను భయపెట్టడానికి అంటున్నాడనుకున్నా. మన రైల్వేలో గేట్‌మన్ డ్యూటీల్లో ఆ సందు శుభ్రంగా ఉంచడం కూడా ఒకటని నాన్న తర్వాత చెప్పారు. ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడ నా చేతికి ఒక ఇనప గునపం, చీపురు ఇచ్చి, చలికాలం రాగానే ఇవి ఇంజిన్లో ఉండాలి అన్నప్పుడు నాకు ఆ తాత చువ్వే గుర్తొచ్చింది.

ఇప్పుడు మంచు సంగతి. మంచు పడగానే ఏ బండీ పడిపోదు, తాజా మంచు దూదిలా ఉంటుంది, ఫ్లాంజి దాన్ని చీల్చుకుంటూ పోతుంది. సమస్యంతా ఆ తర్వాత మొదలవుతుంది. కార్లు, ట్రక్కులు దాని మీద తిరిగి టైర్లతో గాడిలోకి కుక్కుతాయి. టైర్లకి అంటుకున్న ఇసుక, కంకర, ఉప్పు కూడా అందులో కలుస్తాయి. మధ్యాహ్నం కాస్త ఎండ తగలగానే కరిగి నీరై అడుగుకి దిగుతుంది, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది, మర్నాడు ఇంకో పొర. ఇలా నాలుగైదు రోజులు కరుగుతూ గడ్డకడుతూ ఉంటే గాడిలో తయారయ్యేది మనం ఫ్రిజ్‌లో చూసే ఐసు లాంటిది కాదు, కంకర వేసి పోసిన కాంక్రీటు లాంటిది. మెయిన్ లైన్లో గంటకో బండి పోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు ఫ్లాంజీలే దాన్ని కోసేస్తుంటాయి, గట్టిపడే టైమే ఉండదు. మీ పక్క పట్టాల మీద వారానికొక బండి. ఆ వారం రోజులూ ఐసుకి వరం.

కొండంత ఇంజిను ఆ పాటి ఐసుని పిండి చెయ్యలేదా అని అందరూ అడుగుతారు. పట్టా నెత్తి మీద ఐసుకి పక్కకి పోవడానికి చోటుంది, నలిగి రాలిపోతుంది. గాడిలో ఐసుకి ఒక పక్క పట్టా, ఇంకో పక్క కాంక్రీటు, అడుగున గట్టి నేల, ఎటు పోతుంది? పైనుంచి ఎంత బరువు పడితే అంత బిగుసుకుంటుంది. ఫ్లాంజి దాని మీదకి ఎక్కుతుంది, చక్రం పట్టా మీద నుంచి అర అంగుళమో అంగుళమో లేస్తుంది, ఇక ఆ క్షణం నుంచి దాన్ని పక్కకి పోకుండా ఆపేది ఏదీ లేదు. రోడ్డు వెడల్పంతా ఐసు మీదే దొర్లి, రోడ్డు దాటగానే పట్టా ఒక పక్క, చక్రం ఒక పక్క. గాడి తప్పడం అని మనం మామూలుగా వాడే మాట ఉంది చూశారా, దాని అర్థం నాకు కళ్లారా తెలిసింది మూడేళ్ల కిందట ఒక ఫిబ్రవరి రాత్రి.

తొమ్మిది రోజులుగా బండి పోని ఒక సైడ్ ట్రాక్ అది, చివర్న ఒక వేర్‌హౌస్. అందులోకి రెండు వ్యాగన్లు ఇచ్చి రావాలి. టైం రాత్రి ఒంటిగంట దాటింది, చలి చేతి గ్లోవ్స్ దాటుకుని గోళ్లలోకి దిగుతోంది. వేర్‌హౌస్ డ్రైవ్‌వే పట్టాలని దాటే చోట రూల్ ప్రకారం బండి ఆపించి నేను దిగాను. ఇటు పట్టా పక్క గాడిలో గునపం దించాను, టంగుమంది. ఐసు. పది నిమిషాలు పొడిచి, పెళ్లలు పెళ్లలుగా తీశాను, బూడిద రంగులో, మధ్యలో గులకరాళ్లు, ఒక పెళ్లలో నలిగిన బాటిల్ మూత కూడా ఉంది. అటు పట్టా దగ్గర మాత్రం పైన తాజా మంచు తెల్లగా, మెత్తగా ఉంది. చీపురుతో ఊడ్చాను, మొదట్లో రెండు మూడు అడుగులు గునపంతో చూశాను, దిగింది. మిగతాదంతా అలాగే ఉంటుందనుకున్నాను. డ్రైవ్‌వే మధ్యలో ట్రక్కుల వెనక టైర్లు పడే చోట చూడలేదు. అది నా తప్పు, ఎవరి మీదకీ నెట్టను. రేడియోలో రమ్మన్నాను.

మనిషి నడిచే స్పీడులో వచ్చింది బండి. టక్ మని ఒక చిన్న శబ్దం, గట్టి మామిడి టెంక మీద కాలు పడితే వచ్చేంత. తర్వాత ఇంజిన్ ముక్కు నా వైపు కాస్త వాలినట్టనిపించింది, హెడ్‌లైట్ వెలుగు పట్టాల మీద నుంచి జరిగి పక్కనున్న ఫెన్సింగ్ మీద పడింది. అప్పుడు అరిచాను ఆపమని. ఆగేటప్పటికే ముందు ఇరుసు రెండు చక్రాలూ కిందకి దిగి స్లీపర్లని నలుపుతున్నాయి. ఎవరికీ ఏం కాలేదు. కానీ డ్రైవ్‌వేతో పాటు దాని పక్క ఊరి రోడ్డుకి కూడా అడ్డంగా మా బండి నిలబడిపోయింది, అది మళ్లీ పట్టాలెక్కేసరికి పొద్దున తొమ్మిదైంది. ఆ ఏడెనిమిది గంటలూ నేను ఆలోచించింది ఒక్కటే, రోడ్డుకి అటు పక్క ఇళ్లలో ఎవరికైనా ఈ రాత్రి గుండెనొప్పి వస్తే అంబులెన్సు ఎటు తిరిగి రావాలి అని.

తెల్లారి వేర్‌హౌస్ ఓనర్ వచ్చారు. చూస్తే మన మనిషే, నరసరావుపేట వైపు. నా పేరు విని, "తెలుగువాడివా తమ్ముడూ" అని లోపలికి వెళ్లి ఫ్లాస్కులో టీ తెచ్చి మా ఇద్దరికీ పోశారు. వంగి ఆ గాడిలో ఐసు చూసి, చేత్తో తట్టి, "దీనికా ఇంత బండి పడిపోయింది?" అన్నారు. ఆయన మొహంలో నిజమైన ఆశ్చర్యం. మంచు తీయడానికి ఆయన ఒక కాంట్రాక్టర్‌కి ఇచ్చారు, ఆ కాంట్రాక్టర్ ప్రతిసారీ లాట్‌లో మంచంతా ట్రక్కు ముందు బ్లేడుతో పట్టాల మీదుగా అవతలికి తోసేవాడు, సగం అక్కడే పడిపోయేది, మిగిలిన సగం అవతల గుట్టయ్యేది. "అటు ఖాళీ స్థలం కదా అని నేనే చెప్పాను తమ్ముడూ, నాకేం తెలుసు" అన్నారు. ఆయనకి ఎవరూ చెప్పలేదు, అదే నిజం. చెప్పాల్సినవాళ్లం మేమే. అందుకే ఇది రాస్తున్నాను.

మీకు నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట అదే. ఇక్కడ ఆ క్రాసింగుల దగ్గర గేట్‌మన్ తాతలు ఉండరు. గేటు ఉంటే అదే దిగుతుంది, అదే లేస్తుంది, చాలా సైడ్ ట్రాకుల దగ్గర గేటు కూడా ఉండదు, ఒక ఇంటూ గుర్తు బోర్డు, అంతే. మీ కాంపౌండ్ లోపలికి ట్రాక్ వస్తుంటే దానికి రైల్‌రోడ్‌తో ఒక అగ్రిమెంట్ ఉంటుంది, బిల్డింగ్ కొన్నప్పుడు కాగితాల కట్టలో ఎక్కడో వచ్చి ఉంటుంది, తీసి చదవండి, అలాంటి అగ్రిమెంట్లు చాలావాటిలో మీ వైపు ట్రాక్ మీద మంచు, ఐసు, చెత్త లేకుండా చూసుకోవాల్సింది మీరే అని రాసి ఉంటుంది. మంచు తీసే కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు గంటకెంత, ఒక్కసారికెంత అనే మాటతో పాటు, పట్టాల మీదుగా తొయ్యొద్దు, పట్టాలకి దూరంగా లాట్‌లోనే ఒక మూలకి తొయ్యి అని కూడా చెప్పండి, వీలైతే కాగితం మీద రాయించండి. క్రాసింగ్ పక్కన మంచు గుట్ట పెట్టనివ్వకండి, ఎనిమిదడుగుల గుట్ట వెనక నుంచి కారొస్తే మాకు కనపడదు, మేం వస్తుంటే వాళ్లకీ కనపడదు.

మరి మేమే పారా తీసుకెళ్లి గీకేస్తాం అంటారేమో. మీ కాంపౌండ్ లోపలి ట్రాక్ అయితే ముందు రైల్‌రోడ్‌కి ఫోన్ చేసి, ఫలానా టైంలో బండి రాదని వాళ్ల నోటితో విన్నాకే మీ మనుషుల్ని పంపండి. ఊరి రోడ్డు మీద క్రాసింగ్ అయితే అసలు పట్టాల మీదకి దిగకండి. ప్రతి క్రాసింగ్ దగ్గరా నీలం రంగు చిన్న బోర్డు ఉంటుంది, దాని మీద ఒక ఫోన్ నంబరు, ఆ క్రాసింగ్‌కి సొంత గుర్తింపు నంబరు ఉంటాయి. ఆ నంబరుకి చేసి, గాడి నిండా ఐసు కట్టింది అని చెప్తే చాలు. విసుక్కోరు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు, ఒక మనిషిని గునపంతో పంపడానికయ్యే ఖర్చెక్కడ, పడిపోయిన ఇంజిన్ని క్రేనుతో లేపడానికయ్యే ఖర్చెక్కడ.

ఇంకో సంగతి, మేం ఇంజిన్ని ఎప్పుడూ ముందే పెట్టుకుని రాం. మీకు వ్యాగన్ ఇవ్వాలంటే చాలాసార్లు వెనక్కి తోసుకుంటూ రావాలి, అప్పుడు ముందుండేది వ్యాగన్, అది ఖాళీదైతే ఇంజిన్లో మూడో వంతు బరువు కూడా ఉండదు, ఐసు మీదకి ఇంకా తేలిగ్గా ఎక్కేస్తుంది. ఆ వ్యాగన్ పక్క నిచ్చెన పట్టుకుని, మంచు పట్టిన మెట్టు మీద ఒక కాలు ఆనించి, రేడియోలో ఇంజినీర్‌కి దారి చెప్తూ వేలాడుతుండేది నాలాంటి మనిషే. చక్రం గాడి తప్పితే మేం ఎటు పడతామో మాకే తెలియదు. మా అమ్మకి ఈ విషయం నేనెప్పుడూ చెప్పలేదు, మీరు చదివి ఆమెకి చెప్పకండి.

ఉప్పు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఐసు అనగానే మనవాళ్లు బస్తాలకి బస్తాలు ఉప్పు కొడతారు. మీ మెట్ల మీద, నడిచే దారి మీద కొట్టుకోండి, క్రాసింగ్ మీద గుమ్మరించకండి. గేటు ఎలా పనిచేస్తుందంటే, పట్టాల్లో సన్నగా కరెంటు పారుతుంటుంది, బండి రాగానే దాని ఇరుసు రెండు పట్టాలనీ కలిపేస్తుంది, సర్క్యూట్ మారుతుంది, గేటు దిగుతుంది. ఉప్పునీళ్లు కంకరలోకి దిగితే అవి కూడా కరెంటుని ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి పోనిస్తాయి. అప్పుడు బండి లేకుండానే గేటు దిగి కూర్చుంటుంది. పది నిమిషాలు చూసి విసుగొచ్చి ఎవరో ఒకరు గేటు పక్కనుంచి దూరి పోతారు, వాళ్ల వెనక ఇంకొకరు, అలా ఇది ఉట్టుట్టి గేటే అని ఊరంతా అలవాటు పడిపోయాక నిజంగా బండి వస్తుంది. దీనికి తిరగబడిన సమస్య ఇంకా భయంకరం. బండి తిరగని పట్టాల మీద తుప్పు, దాని మీద ఐసు పొర పేరుకుంటే చక్రం ఇనుమూ పట్టా ఇనుమూ సరిగ్గా తగలవు, బండి వచ్చినట్టు గేటుకి తెలియదు. లైట్లు మొదలైన దగ్గర్నుంచి బండి రోడ్డు మీదకి వచ్చేదాకా కనీసం 20 సెకన్లు ఉండాలని ఇక్కడ ఫెడరల్ రూలు, ఐసు రోజుల్లో సైడ్ ట్రాక్ మీద ఆ నమ్మకం పెట్టుకోం, బండి ఆపి నేనే దిగి రోడ్డు మధ్య నిలబడి ఎర్ర లైటు ఊపుతాను. అప్పుడు హారన్ కొట్టే కారు బాబులకి ఒక్కటే మనవి, నా వెనక బండి ఉంది, గేటు దిగలేదని లేదనుకోకండి.

మీరు కారులో ఉన్నప్పుడు కూడా అంతే. క్రాసింగ్ దగ్గర రోడ్డు ఎక్కువగా కాస్త ఎత్తుగా ఉంటుంది, ఆ ఎత్తు మీద ఐసు ఉంటే బ్రేకు కొట్టినా కారు జారి పట్టాల మీదకే పోతుంది, అందుకని ఎప్పుడూ తొక్కే చోటు కంటే చాలా ముందే నెమ్మది చెయ్యండి. ముందున్న కారు పూర్తిగా దాటి, అవతల మీ కారుకి చోటు దొరికితే తప్ప పట్టాలెక్కకండి. పొరపాటున పట్టాల మీద ఇరుక్కుంటే కారు గురించి చూడొద్దు, బ్యాగులు, లాప్‌టాపులు వదిలేసి పిల్లల్ని దించుకుని దూరంగా పరిగెత్తండి. బండి వస్తూ కనిపిస్తే అది వచ్చే వైపుకే, పట్టాలకి ఏటవాలుగా దూరం జరగండి. వినడానికి ఎలాగో ఉంటుంది కానీ, బండి గుద్దితే కారు ముక్కలు బండి పోయే వైపుకే ఎగురుతాయి, మీరు అటు పరిగెడితే అవి మీ మీదే పడతాయి. ఆ తర్వాత నీలం బోర్డు నంబరుకి ఫోన్. లోడుతో గంటకి 55 మైళ్ల స్పీడులో వచ్చే గూడ్సు ఆగడానికి మైలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, ఇంజినీర్ మిమ్మల్ని చూశాక చెయ్యగలిగింది దాదాపు ఏమీ లేదు.

షికాగో చుట్టుపక్కల వాళ్లకి 2019 జనవరి గుర్తుండే ఉంటుంది, 30వ తారీఖున మైనస్ 23 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 30 దాకా పోయింది. పట్టాలు తగలబడుతున్నాయని ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగాయి. పట్టాలు కాలలేదు, పాయింట్ల దగ్గర గ్యాస్ మంటల హీటర్లు పెడతారు. బండిని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్లించే చోట కదిలే పట్టా వచ్చి కదలని పట్టాకి అతుక్కోవాలి, ఆ మధ్యలో పిడికెడు ఐసు ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు, సిగ్నల్ పడదు, వెనక రైళ్లన్నీ ఆగిపోతాయి. అంతంత పెద్ద లైన్లలోనే పిడికెడు ఐసు కోసం మంటలు పెడుతున్నారంటే ఆలోచించండి. మా సైడ్ ట్రాకుల్లో హీటర్లు ఉండవు, నా చీపురే హీటరు.

అదే చలికాలం ఫిబ్రవరి 4న కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో ఫీల్డ్ అనే ఊరి దగ్గర జరిగింది మా పనిలో ఉన్న ఎవరూ మర్చిపోరు. 112 ధాన్యం వ్యాగన్లున్న బండి, కొండ దిగుతూ ఏటవాలు మీద ఎమర్జెన్సీ బ్రేకులతో ఆగి ఉంది, మైనస్ పాతిక దాటిన చలి. ఆ చలికి రబ్బరు సీళ్లు బిగుసుకుపోయి బ్రేకు సిలిండర్లలోంచి గాలి మెల్లమెల్లగా లీకైపోయింది, కొన్ని గంటల తర్వాత బండి దానంతటదే కదిలింది. అప్పుడే డ్యూటీ ఎక్కిన ముగ్గురూ చనిపోయారు. 99 వ్యాగన్లు, రెండు ఇంజిన్లు పడిపోయాయి. వాళ్లలో ఒకరు కండక్టర్. ఆ రాత్రి వాళ్లు ఇంజిన్ ఎక్కేటప్పుడు నాలాగే ఫ్లాస్కు, టిఫిన్ డబ్బా పట్టుకుని ఉంటారు. దానికీ మీ లాట్‌కీ సంబంధం లేదు, తెలుసు. చలి ఇనుముని, రబ్బరుని ఏం చేస్తుందో ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికే రాశాను. వేసవిలో ఎండకి పట్టాలు సాగి వంకర పోతాయని నాన్న చెప్పేవారు, ఇక్కడ చలికి అవే పట్టాలు కుంచించుకుపోయి ఫట్‌మని విరుగుతాయి.

2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కి వందే భారత్ మొదలైనప్పుడు నాన్న టీవీ చూసి ఫోన్ చేశారు, డ్రైవర్ ముందు అద్దంలో హీటర్ వైర్లు పెట్టారంట, నీళ్ల ట్యాంకులు గడ్డకట్టకుండా కూడా ఏర్పాటు చేశారంట అని ఎంతో సంబరంగా చెప్పారు. నేను అడిగింది ఒక్కటే, అక్కడ గాడిలో ఐసు ఎవరు గీకుతారు నాన్నా అని. కాసేపాగి, "ఎవరో ఒక తాత ఉండే ఉంటాడులే" అన్నారు.

నిద్ర పట్టడం లేదని కంప్లైంట్లు పెట్టేవాళ్లకి కూడా ఒక్క ముక్క. చలికాలం రాత్రంతా మీ ఇళ్ల వెనక సైడింగ్‌లో ఇంజిన్ గుడగుడమంటూ ఆన్‌లోనే ఉంటుంది, డీజిల్ పొగ, చప్పుడు, నిజమే, చిన్న పిల్లలున్న ఇళ్లకి ఇబ్బందే. కానీ ఇక్కడి ఇంజిన్లలో ఎక్కువ వాటికి కూలింగ్ నీళ్లలో యాంటీఫ్రీజ్ ఉండదు, వందల గాలన్ల మామూలు నీళ్లు, తుప్పు పట్టకుండా మందు కలిపి వాడతారు. ఆపేస్తే ఆ నీళ్లు గడ్డకట్టి ఇంజిన్ బ్లాకే పగిలిపోతుంది, అలా కాకుండా బాగా చల్లబడగానే నీళ్లన్నీ తమంతట తామే కిందకి పోయేలా వాల్వులు పెడతారు. పోయిన నీళ్లు ఎక్కడ పడతాయి? ఆ పట్టాల మీదే, ఆ రాత్రే మళ్లీ ఐసు. కాబట్టి ఇంజిన్ని ఇంకాస్త దూరంగా పెట్టమని అడగండి, న్యాయమే, మేం కూడా అడుగుతున్నాం. ఆపేయమని మాత్రం అడగకండి.

నరసరావుపేట అన్నయ్య ఆ తర్వాత ఏం చేశారో చెప్తాను. కాంట్రాక్టర్ని మార్చలేదు, పిలిచి ఆ గాడి చూపించి, ఇందులో ఇక మంచు పడితే నీ బిల్లు ఇవ్వను అన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడికి ఒక గునపం కొనిచ్చారు. మా బండి వచ్చే ముందు రోజు సాయంత్రం మా ఆఫీసుకి ఫోన్ చేసి టైం కనుక్కుని, బండి లేదని ఖాయం చేసుకుని, ఆ కుర్రాడితో రెండు గాడులూ ఈ చివర నుంచి ఆ చివర దాకా పొడిపించి, ఫొటో తీసి పంపిస్తారు. అయినా నేను దిగి మళ్లీ చూస్తాను, ఈసారి మధ్యలో ట్రక్కు టైర్ల చోటుతో సహా. ఆ తర్వాత రెండు చలికాలాలు గడిచాయి, ఆ క్రాసింగ్ దగ్గర గునపం మళ్లీ టంగుమనలేదు.

నవంబరు దగ్గరికొస్తోంది. మీ మంచు కాంట్రాక్టులు ఈ నెలలోనే రాసుకుంటారు కదా, సంతకం పెట్టే ముందు ఆ ఒక్క లైను చేర్పించండి. ఈ వారం అటు పోయినప్పుడు కారు పక్కకి ఆపి మీ క్రాసింగ్ దగ్గరి నీలం బోర్డుని ఒక ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, మీ మేనేజర్‌కీ, రాత్రి షిఫ్టు వాళ్లకీ కూడా పంపండి. గాడిలో ఐసు చూసి ఫోన్ చెయ్యాలా వద్దా అని మొహమాటపడితే, చెయ్యండి. అర్ధరాత్రయినా సరే. అవతల ఫోన్ ఎత్తే మనిషి మీ ఫోన్ కోసమే అక్కడ కూర్చుని ఉంటాడు.

మీ తమ్ముడు,
గూడ్సు బండి కండక్టర్, మిడ్‌వెస్ట్